బడి గుమ్మం

పిల్లల చదువు గురించి నేను చాలా చదివాను. చలంగారి ‘బిడ్డల శిక్షణ’ కాలేజీలో ఉండగానే చదివాను. గిజుభాయి ‘దివాస్వప్న’ గురించి మా ఉపాధ్యాయ మిత్రుల సమావేశాల్లో గంటలకొద్దీ మాట్లాడాను. పసిపిల్లల మనసును గురించి నాకు కొన్ని స్థిరమైన అభిప్రాయాలుండేవి. 2023లో దసరా సెలవులు ముగిసిన వారం, అప్పుడే మూడేళ్ళు నిండిన మా అమ్మాయిని విజయవాడలో ఒక ప్రైవేటు బడిలో నర్సరీలో చేర్చేదాకా ఆ అభిప్రాయాలకు ఏ పరీక్షా రాలేదు.

ప్రైవేటు బడి అన్నాను. ఈ పత్రిక చదివేవారు అక్కడ ఒక్క క్షణం ఆగుతారని తెలుసు గనక ఆ సంగతి ముందే చెప్పేస్తాను. మా ఇంటికి రెండు వీధుల అవతల అంగన్‌వాడీ కేంద్రం ఉంది. దాన్ని కాదన్నాను అంటే, చూసి కాదన్నానని కాదు. చూడనేలేదు. ప్రభుత్వ విద్యను కాపాడాలని పదిహేనేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్న మనిషికి తన సొంత పిల్ల విషయంలో ఆ గుమ్మం ఎక్కి లోపలికి తొంగిచూడాలని తోచలేదు. నా భార్య కంకిపాడు దగ్గర హైస్కూల్లో టీచరు. ఎనిమిదికల్లా బస్సెక్కాలి. నాకు మొదటి క్లాసు పది గంటలకు. కనుక పిల్లని దించే పని నా వంతుకు వచ్చింది. దగ్గర్లో ఉన్న బడి, మా సహోద్యోగుల పిల్లలు వెళ్ళే బడి, అదే చేర్చాము. మధ్యతరగతి మనిషి తన నిర్ణయాలు చాలావాటిని నిర్ణయాలని గుర్తించకుండానే చేస్తాడు.

మొదటి రోజు గేటు దగ్గర పాప నా మెడ పట్టుకొని వదల్లేదు. చొక్కా గుండీ ఒకటి ఊడింది. నేను వంగి, పిల్ల కళ్ళలోకి చూస్తూ, ‘మధ్యాహ్నం వచ్చేస్తాను, నీకిక్కడ ఆటవస్తువులుంటాయి’ అని పుస్తకాల్లో చెప్పినట్టే నచ్చచెబుతున్నాను. అంతలో లోపలినుంచి ఆయమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నా మాటలు కాసేపు విని, ‘ఎంతసేపు చెబితే అంతసేపు ఏడుస్తది మాస్టారూ. ఇటివ్వండి. వెనక్కి చూడకుండా పొండి’ అంది.

నేను వెనక్కి చూడకుండా పోలేదు. ఎదురుగా టీకొట్టు ఉంటే, అక్కడ ఆగి ఉన్న ట్రక్కు ఆటో చాటున నిలబడ్డాను. ఏడుపు వినిపిస్తూనే ఉంది. నలభై మంది పిల్లలు ఏడుస్తున్నా సొంత పిల్ల గొంతు వేరుగా వినిపిస్తుందన్న సంగతి ఎవరైనా రాశారేమో నాకు తెలియదు గాని, అది నిజం. ఆ రోజు కాలేజీలో ఏ పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

ఇలా మూడు వారాలు జరిగింది. మొదటి వారం గేటు దగ్గర ఏడుపు. రెండో వారానికి అది ఇంట్లోనే చెప్పులు తొడిగేటప్పుడు మొదలయ్యేది. మూడో వారంలో రాత్రి పడుకోబోయే ముందు, ‘రేపు బడి ఉందా?’ అనే ప్రశ్నగా మారింది. పిల్లలకు ఏడుపులో కూడా క్రమాభివృద్ధి ఉంటుంది.

ఆయమ్మ పద్ధతి నేను నెమ్మదిగా కనిపెట్టాను. ఆమె పిల్లల్ని ఊరడించదు. పని చెబుతుంది. గుమ్మం దగ్గర చిందరవందరగా పడి ఉన్న చెప్పుల్లో ఏది ఎవరి జతో చూసి వరసగా పెట్టమంటుంది. మా పాప ఏడుస్తూనే ఒక ఎర్ర చెప్పు పట్టుకొని దాని జోడు కోసం వెతికేది. దొరికేసరికి ఏడవటం మరిచిపోయేది. మాంటిస్సోరి పద్ధతిలో ఇలాంటి ఇంటిపనులకు ఎంత విలువ ఉందో నేను శిక్షణ కళాశాల విద్యార్థులకు పాఠం చెప్పాను. మాంటిస్సోరి పేరు ఎన్నడూ వినని మనిషి ఆ పాఠాన్ని నెలకు ఆరువేల రూపాయలకు నా ఎదుట నడిపిస్తున్నది.

నవంబరు నడిమికి ఒక రోజు పాప గేటు దగ్గర నా చెయ్యి వదిలేసి లోపలికి పోయింది. వెనక్కి చూడలేదు. నేను ఆటో చాటున నిలబడి చాలాసేపు చూశాను, ఏడుస్తుందేమోనని. ఏడవలేదు. సంతోషించవలసిన సమయంలో నాకు కోపం వంటిది వచ్చింది. ఇన్నాళ్ళూ పిల్ల ఏడుపు నన్ను బాధించిన మాట నిజమే. కాని ఆ ఏడుపే నేను దానికి ఎంత అవసరమో రోజూ ఉదయం నాకు చెబుతూ వచ్చిందనీ, దాని మీద నేను బతుకుతున్నాననీ ఆవేళ తెలిసింది. పిల్లకు బడి అలవాటు కావటం, తండ్రికి అలవాటు కావటం వేరువేరు పనులు. రెండోదానికి ఆయమ్మలు లేరు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. మాది పామర్రు దగ్గర ఊరు. దసరాకు వెళ్ళినప్పుడు పాపకు అక్షరాభ్యాసం జరిగింది. నాకు తంతుల మీద నమ్మకం లేదు గనక బియ్యంలో అక్షరాలు దిద్దించే పని మా నాన్నగారు చేశారు. నేను ఫోటోలు మాత్రం తీశాను. (ఈ రకమైన రాజీని మా వాళ్ళలో చాలామంది చేసుకుంటారు, పైకి చెప్పరు.) ఆ సాయంత్రం అమ్మ, ‘మూడేళ్ళ పిల్లకు బడేమిట్రా? మేమంతా బళ్ళకు పోయే పెరిగామా? నాలుగేళ్ళు నా దగ్గర ఉంచు’ అంది. నాన్నగారు నవ్వి, వాళ్ళ నాన్నను వీధిబడికి నలుగురు పెద్దపిల్లలు కాళ్ళూ చేతులూ పట్టుకొని మోసుకుపోయేవారని చెప్పారు. ఆ బడి అయ్యవారికి జీతమంటూ లేదు. దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగితే ఊరివాళ్ళు ఇచ్చిందే రాబడి.

అమ్మ మాట నా మనసులో ఉండిపోయింది. అందులో ఒక కథ దాగి ఉన్నదని నాకు తెలుసు. అమ్మ మూడో తరగతితో బడి మానేసింది. బుద్ధి లేక కాదు, లెక్కలు ఇప్పటికీ నాకంటే త్వరగా చేస్తుంది. ఆమె తరవాత తమ్ముడు పుట్టాడు. మా అమ్మమ్మ నాట్లకూ, కోతలకూ పోవాలి. తమ్ముణ్ణి ఎత్తుకొనే మనిషి కావాలి. ఎనిమిదేళ్ళ పిల్ల రెండేళ్ళ పాటు చంకలో తమ్ముడితో గట్టు మీద కూచుంది. తమ్ముడు నడిచేనాటికి ఆమె తోటిపిల్లలు రెండు తరగతులు ముందుకు పోయారు. తమ్ముడు తరవాత డిగ్రీ దాకా చదివాడు. ‘మేమంతా బళ్ళకు పోయే పెరిగామా’ అన్న మాటలో ‘మేము’ అంటే మామయ్య. అతన్ని పెంచిన బడి మా అమ్మ చంక.

డెల్టాలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. కాలవగట్టు మీద తుమ్మచెట్టుకు పాతచీరతో కట్టిన ఉయ్యాల, దాని పక్కన ఊపుతూ కూచున్న ఆరేడేళ్ళ అక్క, ఈ దృశ్యం మా చిన్నప్పుడు నాట్ల రోజుల్లో ప్రతి చేను దగ్గరా కనిపించేది. పచ్చదనాన్ని చూసి కవిత్వం రాసినవాళ్ళు ఆ ఊపే పిల్ల ఏ తరగతిలో ఉండవలసిందో లెక్క వెయ్యలేదు. మూడేళ్ళ పిల్లల్ని ఎవరు చూడాలి అన్న ప్రశ్నకు జవాబు లేని చోట ఎనిమిదేళ్ళ ఆడపిల్ల జవాబవుతుంది.

రాజ్యాంగం ఈ ప్రశ్నను ఎట్లా చూసిందో గమనించటం మంచిది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణంలో, పదేళ్ళ లోపల పధ్నాలుగేళ్ళు నిండేవరకూ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించటానికి రాజ్యం ప్రయత్నించాలని ఉండేది. పై వయసు చెప్పారు గాని కింది వయసు చెప్పలేదు. పుట్టిన పిల్ల నుంచీ అందులో ఉన్నట్టే. పదేళ్ళు కాదు, నలభై ఏళ్ళు గడిచాయి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే, పధ్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో 86వ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలో రాసింది. రాస్తూ, ‘ఆరు నుంచి పధ్నాలుగు’ అన్నది. ఆరేళ్ళ లోపు పిల్లలు హక్కులోనుంచి జారి, రాజ్యం ప్రయత్నించవలసిన పనుల్లో మిగిలారు. హక్కు ఇచ్చారని అందరం చప్పట్లు కొట్టాము. కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అసలు ఈ చిన్నపిల్లల బడి మనలాంటివాళ్ళ కోసం పుట్టింది కాదు. 1907 జనవరి 6న రోములో సాన్ లోరెంజో అనే పేదల పేటలో మేరియా మాంటిస్సోరి మొదటి శిశుగృహం తెరిచింది. తెరిపించినవాళ్ళు ఇళ్ళ యజమానులు. తలిదండ్రులు కూలికి పోతే ఇంట మిగిలిన పిల్లలు గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారని వాళ్ళ బెంగ. గోడలు కాపాడటానికి పెట్టిన గదిలో ఆమె పసిపిల్లల బుద్ధిని చూసింది. ఆమెకు చాలా ముందే జర్మనీలో ఫ్రోబెల్ పెట్టిన కిండర్‌గార్టెన్లు నాస్తికత్వాన్నీ, సోషలిజాన్నీ నేర్పుతున్నాయని 1851లో ప్రష్యా ప్రభుత్వం నిషేధించింది. 1860 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. రంగుబంతులను చూసి భయపడ్డ ప్రభుత్వం అది. మాంటిస్సోరి 1939లో అడయారు వచ్చి, యుద్ధం మూలాన ఏళ్ళ తరబడి ఈ దేశంలో ఉండిపోయింది. 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి పేరుతో బడి పెట్టారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఇంకోవైపు తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు స్త్రీలు 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డి గ్రామంలో పని మొదలుపెట్టి, పిల్లలు బడికి రాలేకపోతే బడినే వాళ్ళ వాకిళ్ళలోకి తీసుకుపోయారు. అంగన్‌వాడీ అంటే వాకిటిబడి. 1975 అక్టోబరు 2న 33 చోట్ల కేంద్రప్రభుత్వ పథకంగా మొదలైనదానికి ఆ పేరే పెట్టారు. సాన్ లోరెంజో పిల్లల పేరు మా పాప బడి బోర్డు మీద ఉంది. సాన్ లోరెంజో పిల్లలవంటివాళ్ళు రెండు వీధుల అవతల ఉన్నారు.

ఇదంతా నాకు పుస్తకాల్లో తెలుసు. అది నా గుమ్మం దాకా ఎలా వచ్చిందో చెబుతాను.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బడికి సెలవులిచ్చారు. మా ఊళ్ళో కోసిన వరి పనల మీద నీళ్ళు నిలిచాయి. నాన్నగారికి తోడుగా నాలుగు రోజులు అక్కడే ఉన్నాము. తిరిగి వచ్చాక పాప మళ్ళీ మొదటినుంచి ఏడుపు ప్రారంభించింది. ఫరవాలేదు, ఆయమ్మ ఉంది అనుకున్నాను. 12వ తేదీన రాష్ట్రమంతటా అంగన్‌వాడీ కార్యకర్తలూ, ఆయాలూ సమ్మెలోకి దిగారు. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. దాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు. వీధిబడి అయ్యవారికి ఊరు ఇచ్చినదాన్నీ గౌరవమనే అనేవారు. కనీస వేతనం 26,000 చెయ్యాలనీ, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకు వర్తిస్తుందని చెప్పిన గ్రాట్యుటీని అమలు చెయ్యాలనీ వాళ్ళు అడిగారు.

సమ్మె మొదలైన రెండో రోజున మా ఆయమ్మ బడికి ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. మూడున్నరేళ్ళుంటాయి. ముక్కు కారుతోంది. మనవడట. కూతురు వన్‌టౌన్‌లో బట్టలకొట్లో పనిచేస్తుంది. పగలంతా వాడు అంగన్‌వాడీలో ఉండేవాడు, అది మూతబడింది. నా మొదటి ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. ఈ జలుబు మా పాపకు అంటుకుంటుందేమో అనుకున్నాను. మూడో రోజున ఆయమ్మ రాలేదు. ఫీజు కట్టే తలిదండ్రులు ఏమనుకుంటారని బడివాళ్ళు పిల్లవాణ్ణి తేవద్దన్నారు. వాడిని వదిలి రావటానికి ఆమెకు చోటు లేదు.

పాప గేటు దగ్గర కూలబడి ఏడ్చింది. కొత్త మనిషి చెయ్యి పట్టుకోలేదు. ఆ వారంలోనే ఒక ఉదయం మా అధ్యాపకుల తరఫున ధర్నాచౌక్‌కు వెళ్ళి సమ్మెకు మద్దతుగా పది నిమిషాలు మాట్లాడి వచ్చాను. బాగానే మాట్లాడాను. సాయంత్రం ఇంటికి వచ్చి, ‘ఈ ఆయమ్మ చెప్పాపెట్టకుండా మానేసింది, వీళ్ళకు బాధ్యత లేదు’ అన్నాను. నా భార్య పరీక్ష పేపర్లు దిద్దుతున్నది. తల ఎత్తకుండా, ‘పొద్దున మీరు ధర్నాచౌక్‌లో ఎవరి గురించి మాట్లాడి వచ్చారు?’ అని అడిగింది.

మర్నాడు ఆయమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. గుణదల కొండ వాలున, మెట్లెక్కి పోవాలి. ఆమె గడపలో కూచొని బియ్యం ఏరుతున్నది. నన్ను చూడగానే, ‘పాప ఏడుస్తందా మాస్టారూ?’ అని అడిగింది. నేను వచ్చిన పని అదే గనక నాకు సిగ్గు వేసింది. కాసేపటికి ఆమే చెప్పింది. ‘సచివాలయమోళ్ళు తాళం పగలగొట్టి తెరిచారండీ. ఇంకెవర్నో కూచోబెట్టారు. తీసుకెళ్ళా. వీడు గుమ్మం ఎక్కలా. టీచరమ్మ ఏది అని ఒకటే ఏడుపు. తెచ్చేసుకున్నా.’

రాష్ట్రంలో చాలాచోట్ల అప్పుడు అదే జరిగింది. తాళం పగలగొడితే కేంద్రం తెరుచుకుంటుందని అధికారులు అనుకున్నారు. కొండ మీది మూడున్నరేళ్ళ వాడికి తెలిసినది వాళ్ళకు తెలియలేదు. నాకు మాత్రం తెలియాలి. మూడు వారాలు ఆటో చాటున నిలబడి నేర్చుకున్నది అదే గదా. పిల్ల నమ్మేది గదిని కాదు, గదిలో ఉన్న మనిషిని. ఆ నమ్మకం సంపాదించటం ఒక పని. నైపుణ్యం కావలసిన పని, రోజులు పట్టే పని. అటువంటి పనికి నా బడిలో ఆరువేలు, వాడి బడిలో ఏడువేలు లేక పదకొండున్నరవేలు. ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన గుణమని పేరు పెట్టి దీన్ని చవగ్గా కొనటం అన్ని వర్గాలకూ అలవాటైంది. నేను కొంటున్న సంగతి నాకే తెలియలేదు.

బడివాళ్ళతో మాట్లాడాను. తక్కిన తలిదండ్రులు ఒప్పుకోవాలన్నారు. ఒక కాగితం రాసి నాలుగు రోజులు గేటు దగ్గర నిలబడ్డాను. పాపను దించటానికి నిలబడటం కంటే అది కష్టంగా ఉంది. ‘ఇవాళ ఒకణ్ణి రానిస్తే రేపు ప్రతి ఆయా తెస్తుంది’ అని ఒకాయన అన్నాడు. ఆయన నాతో పాటు ధర్నాచౌక్‌కు వచ్చినవాడే. ఒకామె ఏమీ అడక్కుండా సంతకం పెట్టి, తన అత్తగారికి ఒంట్లో బాగాలేనప్పుడు తను పడ్డ అవస్థ చెప్పింది. ఇరవై మందిని అడిగితే ఏడుగురు పెట్టారు. బడివాళ్ళు మధ్యేమార్గం కనిపెట్టారు. పిల్లవాడు రావచ్చు, తరగతిలోకి కాదు, వరండాలో కూచోవాలి.

కూచున్నాడు. నేను ఒప్పుకున్నాను. ఆయమ్మ మర్నాటినుంచి వచ్చింది, పాప ఏడుపు నాలుగు రోజుల్లో తగ్గింది. నాకు కావలసింది నాకు దొరికింది గనక వరండా సంగతి మళ్ళీ ఎత్తలేదు. అది ఎత్తింది మా పాప. చెప్పుల వరస ఇప్పుడు ఇద్దరూ కలిసి పెడుతున్నారు. తరవాత ఒకళ్ళు లోపలికి, ఒకళ్ళు బయట. ఎందుకని అది రోజూ ఇంట్లో అడిగేది. ‘వాడి బడి వేరు’ అనేవాణ్ణి. ‘మరి ఇక్కడికి ఎందుకొచ్చాడు?’ ‘వాళ్ళ టీచరు రావటం లేదు.’ ‘ఎందుకు రావటం లేదు?’ ధర్నాచౌక్‌లో పది నిమిషాలు చెప్పినదాన్ని మూడేళ్ళ పిల్లకు చెప్పటానికి ప్రయత్నించాను. ‘ఆమెకు డబ్బులు చాలటం లేదు’ అన్నాను. ‘నువ్వు ఇవ్వు’ అంది.

జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. అంటే అంగన్‌వాడీ పని అత్యవసర సేవ అని ఒప్పుకున్నట్టే. ప్రభుత్వం లెక్కలో వాళ్ళు ఉద్యోగులు కారు, సమ్మె చేస్తే మాత్రం అత్యవసర ఉద్యోగులు. 22న విజయవాడకు వస్తున్నవాళ్ళను ఎక్కడికక్కడ అరెస్టులు చేశారు. ఆ రాత్రే చర్చలు జరిగి 42 రోజుల సమ్మె ముగిసింది. అడిగినవి కొన్ని వచ్చాయి, 26,000 రాలేదు.

ఆ వారంలో వరండా ఖాళీ అయింది. పాప మళ్ళీ గేటు దగ్గర ఆగింది, ఈసారి వాడి కోసం. వాడి బడి చూపిస్తానని మాట ఇచ్చి ఒక సెలవురోజున, అది మా కాలేజీకీ పాప బడికీ సెలవు, కేంద్రానికి కాదు, ఆయమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం తీసుకువెళ్ళాను. ఒకటే గది. గోడ మీద జంతువుల బొమ్మలు వెలిసిపోయాయి. మూల బియ్యం బస్తా, తూకం వేసే యంత్రం. పద్దెనిమిది మంది పిల్లలు. కార్యకర్త ఒక గర్భిణి పేరు రిజిస్టరులో రాస్తూ, ఒక పిల్ల జుట్టు దువ్వుతూ, ఇంకో ఇద్దరి తగవు తీరుస్తున్నది. మా పాపను చూసి పేరు అడిగి, చాప మీద చోటు చూపించింది. వాడు జరిగి కూచున్నాడు. పాప వాడి పక్కన కూచొని అందరితో పాటు గుడ్డు తిన్నది. ఇంట్లో అది గుడ్డు తినదు.

గంట తరవాత పోదామన్నాను. రానంది. చెయ్యి పట్టుకుంటే చాప పట్టుకుంది. కార్యకర్త, ‘ఉండనివ్వండి సార్, నాలుగింటికి రండి’ అంది. నేను ఆగలేదు. ఎత్తుకొని బయటికి తెచ్చాను. నా మెడ మీదుగా వెనక్కి చేతులు చాచి వీధి మలుపు దాకా ఏడ్చింది.

జూన్‌లో ఎల్.కె.జి.కి ఫీజు పాత బడిలోనే కట్టాను.